ఐరన్ బాటిల్ మీద అవిశ్వాస తీర్మానం

మా సరళ ఆంటీని మేముండే కాపెల్ ఊళ్లోని తెలుగు ఆడవాళ్ల చాట్ గ్రూప్ మొత్తం ముందు నకిలీ మందుల మనిషిగా నిలబెట్టాను. అసలు ముద్దాయి ఎవరో పోయిన వారం తేలింది. చెప్తాను, నవ్వకుండా వినండి. నవ్వుతారని తెలుసు.

ఆంటీ వాళ్లింట్లో పై గదిలో అద్దెకుంటాను. చలికాలమంతా ఆఫీస్ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడిపోతుంటే, బ్లడ్ టెస్ట్ చేయించుకోమని ఆవిడే తరిమారు. ఐరన్ తక్కువుంది, టాబ్లెట్లు వాడమంది డాక్టర్. హోల్‌సేల్ స్టోర్‌లో చవకని గ్రూప్ వాళ్లందరికీ ఐరన్ బాటిల్స్ ఆంటీయే తెస్తుంటారు. నాకూ ఒకటి ఇచ్చారు.

మూడు నెలలు ఒక్క రోజు మానకుండా మింగాను. మళ్లీ టెస్ట్ చేస్తే నంబర్ ఎక్కడిదక్కడే ఉంది. మీరే చెప్పండి, అనుమానం ఎవరి మీదకు పోతుంది?

కాలేజీలో నాలుగేళ్లు డిబేట్ చేసినదాన్ని. బాటిల్ తిప్పి చదివాను: ఫెర్రస్ సల్ఫేట్. నెట్‌లో వెతికితే బిస్‌గ్లైసినేట్ అని ఐరన్‌లోనే ఇంకో ఫామ్, అంటే ఇంకో రకం ఉందట, కడుపుకి తేలికట, ఒంటికి బాగా పడుతుందట. రెంటికీ పోలిక పెట్టి స్ప్రెడ్‌షీట్ వేసి కిందికి దిగాను.

"ఆంటీ, ఇందులో ఐరన్ ఉందని మీకెలా తెలుసు?"

ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతున్నారు. "బాటిల్ మీద రాసుంది కదమ్మా."

"రాయడానికేం, ఎవరైనా రాస్తారు. పైగా ఇది చవకరకం ఫామ్."

"నాకు పనిచేసింది నవ్యా."

"ఒక్కరికి పనిచేస్తే ఎవిడెన్స్ కాదు ఆంటీ."

"సరే తల్లీ" అని మళ్లీ చిక్కుళ్లలో పడ్డారు. ఆ శాంతం చూసి నా అనుమానం ఇంకా ముదిరింది.

స్ప్రెడ్‌షీట్‌ని గ్రూప్‌లో పెట్టి, "ఈ బాటిల్ వాడి ఎవరికైనా ఫలితం కనిపించిందా? లేకపోతే ఆలోచించుకోండి" అని రాశాను. ఆంటీ పేరు రాయలేదు. తెచ్చేది ఒక్కరే, పేరెందుకు? మర్నాటికి వాకిట్లో ఆరు బాటిల్స్. ఒకదాని మీద చీటీ: "ఏమీ అనుకోకండి సరళగారూ."

ఆంటీ వాటిని లోపలికి తేలేదు. పన్నెండేళ్లుగా వీధి మొత్తానికి పప్పులూ బియ్యం మోసుకొచ్చిన మనిషి, గ్రూప్‌లో మాట్లాడటం మానేశారు.

నేను మాత్రం కేసు గెలిచే ధ్యాసలో బాటిల్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేశాను. ఆవిడ లేబుల్ చూసింది.

"ఇది బాగానే ఉంది. ఎప్పుడు వేసుకుంటున్నావు?"

"పొద్దున్నే, అలారం పెట్టుకుని."

"దేంతో?"

"టీతో" అన్నాను గర్వంగా. "చిక్కటి పాల టీ."

కీబోర్డ్ మీద ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. టీలో ఉండే కొన్ని పదార్థాలు ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవట. పాలు కూడా దానికి తోడట. ఖరీదైన ఫామ్ కొనేముందు, టీకి రెండు గంటలు ఎడం ఇచ్చి ఆరెంజ్ జ్యూస్‌తో వేసుకోమంది. అంటే మూడు నెలలుగా నేను చేసింది టీకి వైద్యం.

ఇంకా సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, బాటిల్ ఇచ్చిన రోజే ఆంటీ "నిమ్మరసంతో వేసుకో అమ్మా" అన్నారు. "సోర్స్ ఏంటి ఆంటీ?" అన్నాను నేను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. ఆంటీ నవ్వలేదు. "నాకు చెప్తే ఏం లాభం? చెప్పాల్సింది గ్రూప్‌కి" అన్నారు.

కూర్చుని రాశాను. ఐరన్ రూపాలు, శోషణ గురించి ఉన్న అపోహలు, సమాచార లోపం అంటూ నాలుగు పేరాలు. పంపేముందు ఆంటీకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"తప్పు నీదని ఎక్కడుందమ్మా ఇందులో?"

"మూడో పేరాలో ఆంటీ. చివర్లో."

"అదొక్కటే ఉంచు."

ఉంచాను. "టాబ్లెట్లు మంచివే. నేనే వాటిని టీతో మింగాను. సరళ ఆంటీకి సారీ." సాయంత్రానికి వాకిట్లో ఒక్క బాటిల్ మిగల్లేదు. నా డిబేట్ జీవితంలో ఒక్క ఎదురు వాదన కూడా రాకుండా అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న స్పీచ్ అదొక్కటే.