అంజీర కోసినంక బుగులు

మా పెద్దబాపు పోయిండు. మా బాపుకు సొంత అన్న. సిరిసిల్లల నాలుగు సాంచాల ఆసామి. అంటే ఇంటెనుక రేకుల షెడ్డుల మరమగ్గాలు పెట్టుకొని, బతుకంతా పాలిస్టర్ బట్ట నేసిన మనిషి. ఆ కబురు అందినప్పుడు నేను జగిత్యాలల, నేను పనిచేసే కాలేజీ ల్యాబుల, మందార కాడను సన్నగ కోసి పిల్లలకు చూపెడుతున్న. ఫోన్ల మా అక్క, ఆయన ఒక్కగానొక్క బిడ్డ. "తమ్మీ, బాపు పోయిండురా" అన్నది. చేతిల బ్లేడు కింద పెట్టిన. ఆమెనే మల్ల, "అంజీర చెట్లు ఇంకా కొయ్యనే లేదురా" అన్నది.

తండ్రి పోయిన గడియల చెట్ల ముచ్చటేంది అని మీకు అనిపియ్యొచ్చు. ఆ ఇల్లు తెల్సినోళ్లకు అనిపియ్యదు. దసరా అయిపోయి, వానలు వెనుకకు తగ్గినంక ఆ ఇంట్ల ఏటా ఒక్కటే చర్చ నడిచేది. కొమ్మలు కోసుడా, ఇంకొన్ని దినాలు ఆగుడా? అసెంబ్లీల కూడా ఒక్క ముచ్చట మీద అంతసేపు మాట్లాడరు.

స్మృతి అని రాసేటప్పుడు పోయినాయన ధైర్యవంతుడని, దేనికీ చలించనివాడని రాసుడు మర్యాద. ఆ మర్యాద నేను తప్పుతున్న, క్షమించాలె. మా పెద్దబాపు సిరిసిల్ల మొత్తంల పెద్ద బుగులు మనిషి. పొద్దున లేస్తే గ్యాస్ బుగులు, బయటికి పోతే తాళం బుగులు, మబ్బు పట్టకపోతే వాన బుగులు, పడితే రేకుల బుగులు. పండుగకు వచ్చి నేను జగిత్యాల బస్సెక్కితే చాలు, ఫోన్ వచ్చేది.

"ఎక్కినవారా?"

"ఎక్కిన, పెద్దబాపూ."

"సీటు దొరికిందా?"

"దొరికింది."

"డ్రైవర్ ఎట్లున్నడు?"

"ముందుకే చూస్తున్నడు."

"గది చాలు తియ్యి" అని పెట్టేసేటోడు. వేములవాడ దాటకముందే మల్ల చేసి, డ్రైవర్ ఇంకా ముందుకే చూస్తున్నడా అని అడిగేటోడు.

ఒకసారి నేను ఎగతాళికి, "ఇన్ని రందులు ఒక్కనివే ఎట్ల మోస్తవు? కొన్ని మాకు పంచరాదు" అన్న. ఆయన నవ్వలేదు. "ఇంట్ల రంది పడేటోడు ఒకడుండాలెరా. అప్పుడే మిగిలినోళ్లు నిమ్మళంగ పంటరు" అన్నడు. ఆ మాటను చాలా ఏండ్లు నేను పెళ్లిళ్లల్ల, పేరంటాలల్ల ఆయన గొంతుతోని చెప్పి నవ్విచ్చిన. ఇప్పుడు గదే మాట ఒక్కన్నే ఉన్నప్పుడు గుర్తుకొస్తంది.

ఆ అంజీర చెట్ల సంగతి చెప్పాలె. చెట్లు అంటున్న గని నిజానికి పొదలే. మొదట్ల నుంచే నాలుగైదు కొమ్మలు చీల్చుకొని లేస్తయి. మా పెద్దమ్మ తల్లిగారిది కోరుట్ల. వాళ్ల వాకిట్ల ఒక అంజీర ఉండె. దాని కొమ్మలు రెండు తెచ్చి, షెడ్డు పక్క గోడ పొంటి నాటింది మా పెద్దమ్మ. తర్వాత కోరుట్లల ఆ వాకిలి మీద స్లాబు పడ్డది, తల్లిచెట్టు పోయింది. మిగిలినయి సిరిసిల్లల ఈ రెండే.

మొదట్ల మా పెద్దబాపు వాటికి కత్తి తగలనిచ్చేటోడు కాదు. అది ఆయన తప్పు కాదు, పని నేర్పిన అలవాటు. సాంచ మీద పోగు తెగితే సాంచ ఆపాలె, రెండు కొసలు ఏరి పట్టుకోవాలె, వేళ్లతోని మెలేసి అతకాలె. బతుకంతా తెగినదాన్ని అతికిన మనిషికి మంచిగున్న కొమ్మను కొయ్యమంటే చేతులు వస్తయా? కొమ్మ వంగితే పాలిస్టర్ దారంతోని గోడ మేకుకు కట్టేటోడు. ఇంకోటి లేస్తే దాన్ని మొదటిదానికి కట్టేటోడు. కొన్నేండ్లకు అక్కడ చెట్లు లేవు, దారాల మూట ఉన్నది. లోపలికి ఎండ పోదు, గాలి పోదు, ఆకుల మీద తుప్పు మచ్చలు. ఎక్కడో కొసకు నాలుగు కాయలు కాస్తే రామచిలుకలు తినిపోయేటియి.

ఒక ఏడు మా పెద్దమ్మ ఆరేసిన కొత్త చీర ఆ కొమ్మలకు పట్టి చినిగింది. ఆమె కొడవలి తెచ్చి, ఒక చెట్టును నడుం ఎత్తుకు నరికి, కొడవలి కడిగి లోపలికి పోయి అన్నం వండింది. పెద్దబాపు సాంచ బంద్ చేసి వచ్చి చూసి, మోడు ముందట అట్లనే కూసున్నడట. తెల్లటి పాలు కారుతుంటే తన రుమాలుతోని తుడిసిండట. ఆనాటి నుంచే మొదలైంది గీరుడు. బొటనవేలి గోరుతోని బెరడును సన్నగ గీరి, కింద పచ్చగ ఉన్నదా, ఎండిందా చూసుడు. పచ్చగ ఉంటే పానమున్నట్టు. పొద్దున గీరి, పగలు గీరి, బువ్వ తిని చెయ్యి కడిగి మల్ల గీరి.

"చెట్టుకేం కాలే. గజ్జి నీ గోరుకున్నది" అన్నదట మా పెద్దమ్మ.

చివరికి ఆ మోడు చిగురు పెట్టింది. ప్రతి కొత్త రెమ్మకు, ఆకు ఆకు దగ్గర ఒక కాయ. కొయ్యని చెట్టు మాత్రం ఎప్పటిలెక్క ఆకులతోనే ఉన్నది. అప్పుడు అర్థమైంది ఆయనకు, అంజీరకు కొత్త రెమ్మ మీదనే కాపు అని, కొయ్యకపోతే కొత్త రెమ్మ రాదని. అర్థమైంది గని బుగులు పోలేదు. రెండు చెట్లను ఒక్కసారి ఎన్నడూ కోసేటోడు కాదు. ముందుగాల ఒకటి కోసి, దానికి చిగురొచ్చినంకనే రెండోదానికి కత్తెర పెట్టేటోడు. "రెండూ ఒక్కసారి కోసి, రెండూ పోతే?" అనేటోడు. దాంతోని రెండో చెట్టు ప్రతి ఏడు ఆలస్యమే. దాని పండ్లు ఎండలు ముదిరినంక వచ్చేటియి.

పని మాత్రం అపురూపంగ చేసేటోడు. చేతులకు కొబ్బరినూనె రాసుకునేటోడు, అంజీర పాలు తగిలితే దురద పెడుతదని. మొదలు దగ్గర లేసిన పిలకలు తీసేసి, ఎండినయి తీసేసి, లోపలికి మొఖం పెట్టిన కొమ్మలు తీసేసేటోడు. మిగిలిన కొమ్మలను పొట్టిగ, చిగురు లేసే కన్ను బయటికి చూసే చోట, నీళ్లు నిలువకుంట ఏటవాలుగ కోసేటోడు. "నడుమ ఎండ పడాలెరా. చీకట్ల ఏది కాస్తది?" అనేటోడు. కోసిన మొఖాలకు సున్నం, మైలుతుత్తం కలిపి పుయ్యుడు నా డ్యూటీ. నీలం బొట్లు పెట్టుకున్న మోడులను చూసి "పెండ్లికి తయారైనయి" అని నేనంటే, "ముందు బతకనియ్యిరా" అనేటోడు. కాయలు వచ్చినంక ఇంకో రంది. సాంచాల మీద మిగిలిన బట్ట ముక్కలతోని కాయకో సంచి కుట్టి తొడిగేటోడు, చిలుకలు ముట్టకుంట. దూరం నుంచి చూస్తే చెట్టుకు అంగీలు ఆరేసినట్టు ఉండేది.

"కోసుడు ఎంతసేపు కొడుకా? కోసినంక ఆగుడే పెద్ద పని" అనేటోడు, నల్లబడ్డ గోరును చూసుకుంట. అంజీర పాలు గోటి కొసల ఎండి, ఆ నలుపు చలికాలమంతా పోయేది కాదు.

ఈ ఏడు చర్చ ఇంకా నడుస్తనే ఉండె. "ఆకు ఇంకా రాలలే, ఆగుదాం" అన్నడట పొద్దున. పగటీలి సాంచ దగ్గర ఛాతి పట్టుకొని కూలబడ్డడు. అన్నింటి గురించి బుగులు పడ్డ మనిషి, తన గుండె గురించి ఒక్కనాడు పడలేదు.

కొడుకులు లేరు గనుక కొరివి నేనే పెట్టిన. ఇల్లు మైలల ఉన్నన్ని రోజులు పచ్చని చెట్టుకు కత్తి పెట్టొద్దన్నరు పెద్దోళ్లు. ఆ దినాలల్ల ఆకులన్నీ రాలినయి, కొమ్మల కొసలకు కండ్లు ఉబ్బుడు మొదలైంది. ఇంక ఆలస్యమైతే ఈ ఏడు కాపు లేనట్టే. కర్మనాడు నా గుండు గీసినంక, వచ్చినోళ్లంతా పోయినంక, మా పెద్దమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందట పెట్టింది.

"కొయ్యి" అన్నది.

"నేనా?"

"చెట్ల చదువు చదివినవు గదా. కొయ్యి."

నేను చదివింది బాటనీ. మొక్క లోపల నీళ్లు ఎట్ల ఎక్కుతయో బోర్డు మీద బొమ్మ గియ్యమంటే గీస్త. కత్తెర పట్టుడు వేరే సంగతి. అయినా పట్టిన. ఆయన ఎట్ల చేసేటోడో యాది చేసుకుంట, నడుమ ఖాళీ చేసి, బయటి కన్ను చూసి, ఒక చెట్టు కోసిన. మొఖాలకు పూత పూసిన. కత్తెర కింద పెట్టబోతుంటే ఆమె, "రెండోది?" అన్నది.

"ఇది చిగురుపెట్టినంక చూద్దాం, పెద్దమ్మా. పెద్దబాపు గట్లనే..."

"అది ఆయన బుగులు. ఆయనే పోయిండు. నువ్వు రేపు జగిత్యాల పోతవు, మల్ల ఎవ్వలొస్తరు? రెండూ కొయ్యి."

కోసిన. ఆయన బతుకుల ఎన్నడూ చెయ్యని పని, రెండూ ఒక్కనాడే. పనైనంక వాకిట్ల మూడు గుండ్లు నిలబడ్డయి, నాది, వాటివి. "ముగ్గురం ఒక్క మంగలి దగ్గరికే పోయినట్టున్నం" అన్న. మా పెద్దమ్మ నవ్వలేదు. లోపలికి పోయింది.

జగిత్యాలకు వచ్చిన రెండు దినాలకు కాలం కాని కాలంల వాన పట్టింది. పచ్చి కోతల మీద వాన పడితే మోడు కుళ్లుతదని పుస్తకంల ఉన్నది, పెద్దబాపు నోట్లె కూడా ఉండె. ఫోన్ చేసిన. "పూత కడుక్కపోయిందా, పెద్దమ్మా?"

"నేను చూడలే. నాకింక పనిలేదా?"

తెల్లారి మల్ల చేసిన. "చిగురేమన్న కనిపిస్తందా?"

"ఆ దిక్కే పోలే."

రోజూ గిదే. ల్యాబుల పిల్లలు ఏదన్న అడిగితే వినపడుత లేదు. కాలేజీ గేటు దగ్గరి వేపకొమ్మను ఊకెనే గీరి చూసిన ఒకసారి, వాచ్‌మెన్ "ఏంది సార్?" అన్నడు. నా గుండు మీద వెంట్రుకలు మొలిసి గరుకు తేలింది. అద్దంల చూసుకున్నప్పుడల్లా అక్కడ మోడులు మొలిసినయో లేదో అన్న రంది ముందటికొచ్చేది. అవి చస్తే కోరుట్ల వాకిలి పోయినట్టు, సిరిసిల్ల గోడ ఖాళీ అయినట్టు. ఆమెకు ఇంక పెద్దబాపుది గని, తల్లిగారిది గని పచ్చగ మిగిలింది ఏముంటది? రంది పడేటోని కొలువు ఖాళీ అయింది, అప్లికేషన్ పెట్టకుంటనే నాకు దొరికింది అనుకున్న.

పోయిన ఆదివారం తట్టుకోలేక సిరిసిల్ల బస్సెక్కిన. ఎక్కినవా అని అడిగే ఫోన్ లేదు. ముందటి సీట్ల కూసొని డ్రైవర్‌ను నేనే చూసుకుంట పోయిన.

ముందటి తలుపు దిక్కు పోకుంట, గల్లీ నుంచి సక్కగ వెనుక వాకిట్లకే పోయిన. సాంచాలు బంద్ ఉన్నయి. రెండు చెట్లకూ చిగురు లేదు. పూత వానకు కారి కొమ్మల మీద నీలం చారలు కట్టింది.  దగ్గరికి పోయి, మొదటి కొమ్మ మీద గోరు పెట్టబోయిన.

అక్కడ ముందే ఒక గీత ఉన్నది.

పెద్దబాపు గీతలు నాకు తెల్సు. పొడుగు మనిషి, అవి పైకుంటయి, ఎప్పుడో మానిపోయి బూడిదరంగు తేలినయి. ఇవి కిందికున్నయి, నా ఛాతి కంటె కిందికి. ఒకటి ఎండింది. దాని పక్కన నిన్నటిది కావచ్చు, ఇంకోటి. అన్ని కొమ్మల మీద, రెండు చెట్ల మీద. ఆఖరి కొమ్మ మీదిది ఎంత కొత్తదంటే దాని మీద తెల్లటి పాలు ఇంకా తడి ఆరలేదు. వేలితోని తుడిస్తే, కింద పచ్చగ ఉన్నది.

"అక్కడ నిలబడి ఏం చూస్తున్నవ్?" అన్నది మా పెద్దమ్మ వంటింట్ల నుంచి. "వచ్చేదుంటే వస్తది. చాయ్ చల్లారుతంది, రా."

పోయిన. గడప మీద నిలబడి గ్లాసు అందిచ్చింది.  గ్లాసు అంచును పట్టుకున్న ఆమె బొటనవేలి గోటి కొస నల్లగ ఉన్నది.