ఐమూల కోత

మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న కాలంలో, కొత్త వడ్రంగులకు మేస్త్రీలు వడ్ల వీరాచారి చేతులు చూపించేవాళ్లు. సిద్దిపేట నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు రంపాలతో కాపురం చేసినా ఒక్క గాటు లేదు వాటికి. ఆ చేతుల మీద అతనికున్న గర్వం అంతా ఇంతా కాదు.

అప్పుడు కడుతున్న మేడలో ప్రతి మూలా ఐమూల కోతే, అంటే ఏటవాలు కోత. బల్ల మధ్యలోంచి పైకొచ్చి గిర్రున తిరిగే మిషన్ రంపాన్ని వాలుగా వంచి కోయాలి. తెగిన ముక్క రంపానికీ, చెక్క ఆనే పట్టీకీ మధ్య ఇరుక్కుందా, రాయిలా వెనక్కి ఎగురుతుంది. అందుకే వీరాచారి పట్టీని రంపం వాలని వైపే బిగించేవాడు, ఎదురుగా కాక పక్కకు నిలబడేవాడు, చివరి జానెడు చెక్కను కర్రతో నెట్టేవాడు. అన్నిటికంటే ముందు రంపం మీద ఇనుప మూత ఉందో లేదో చూసేవాడు.

తొంభై ఎనిమిది దసరాకు మిషన్‌కు పూజ చేశారు. రంపం పళ్లకు బొట్టు పెట్టాలని మూత విప్పింది వీరాచారే. పనిముట్టుకు బొట్టు పెట్టేటప్పుడు అడ్డం ఉండకూడదని తాతల పద్ధతి. తాతల ఉలికి మూతే లేదు మరి, ఎవరిని తిట్టాలి! పండగ మర్నాడు వచ్చి చూస్తే మూత మాయం. సూపర్‌వైజర్ సురేంద్ర దాన్ని స్టోరులో పెట్టి తాళం వేశాడు. అది లేకపోతే పని రెట్టింపు సాగుతుందట. ప్రారంభోత్సవం నెల రోజుల్లో ఉంది.

"మూత లేకుంట నేను ఐమూల కొయ్య సార్," అన్నాడు వీరాచారి.

"పూజ చేస్తిరి కదప్పా, ఇంగేం భయం?" కడప సురేంద్ర నవ్వాడు. "చేతకాకుంటే చెప్పు, చేతనయినోణ్ణి పిలిపిస్తా."

చేతకాదన్న మాట ఇరవై రెండేళ్లలో ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకు పడిపోయాడు పిచ్చివాడు. నలభై ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు. నలభై ఒకటోది కోస్తుంటే తరుగు ముక్క రంపం వెనక పళ్లకు తగిలి లేచింది. మూత ఉంటే దానికే కొట్టుకుని పడేది. ఇప్పుడు వచ్చి ముంజేతిని కొట్టింది, చెయ్యి రంపం మీదికి జారింది. కుడి బొటనవేలు, చూపుడువేలు రంపపు పొట్టులో పడ్డాయి.

నాలుగో రోజు సురేంద్ర దవాఖానకు ఒక కాగితం తెచ్చాడు. అందులో రాసింది ఒప్పుకుంటే గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తారట. వీరాచారి ఏడో తరగతి దాకా చదివినవాడు. కాగితాన్ని భార్య నీలమ్మ చేత ఎదురుగా పట్టించి మొత్తం చదివాడు.

"మూత నేనే తీసిన్నని రాసిన్రు."

"తీసింది నువ్వే కదప్పా? అందరూ చూసిరి."

నిజమే. ఆ పిసరంత నిజాన్ని పట్టుకుని ఇంత అబద్ధం అల్లారు, పాపిష్టి మనుషులు.

"సరే సార్, అది ఉండనియ్యిండ్రి. గని తాగి కోసిండని గూడ రాసిన్రు. నేను చుక్క ముట్ట. అదొక్కటి కొట్టెయ్యిండ్రి, మీకు దండం పెడత."

సురేంద్ర జేబులు తడుముకున్నాడు.

"పెన్ను తేలేదప్పా, వేలిముద్రకు ఇంకు ప్యాడే తెచ్చినా."

నీలమ్మ మగని మొహంలోకి చూసింది. వీరాచారి ఎడమ బొటనవేలు చాచాడు.