కడిగిన గాలి

గవరయ్య పోయిన పదో రోజున పెళ్ళాం దాలమ్మ గదిలో పిండి పరిచి, దీపం పెట్టి, గంప బోర్లించింది. శ్రీకాకుళం వైపు అది ఆనవాయితీ. పోయినవాడు వచ్చి చూసుకుంటే పిండిలో అడుగు పడుతుంది. తెల్లారి గంప ఎత్తితే చీమ పాకిన గీత కూడా లేదు. "దారి దొరకలేదే నీ మొగుడికి. ఈ పొగలో ఏటి కనిపిస్తాది?" అంది పక్కగది అమ్మన్నమ్మ. ఆ ముసలిది నోరు మూసుకుంటే దాని సొమ్మేం పోయేది! ఆ మాట దాలమ్మకు ఏళ్ల తరబడి కంటికి కునుకు లేకుండా చేసింది.

గవరయ్య బెంగాల్ వలసొచ్చి రేవులో బొగ్గు దించేవాడు. చివరికి పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చునే ఊపిరి లాగాడు. ఇప్పుడు అదే బొగ్గులోకి కొడుకు మల్లేశు వెళ్తున్నాడు. వద్దురా అంటే "మరేటి తింటాం?" అంటాడు. కోటి విద్యలూ కూటి కొరకే కదా.

దాలమ్మ ఆ రేవు పక్కనే ఉన్న ఏక్‌బాల్‌పూర్‌లో వీధి క్లబ్బు మేడ ఊడుస్తుంది. తొంభైల చివర్లో ఆ మేడ మీద సర్కారువాళ్లు గాలి కొలిచే మిషన్ పెట్టారు. నిలువెత్తు రేకు పెట్టె. వారంలో రెండు రోజులు రాత్రీ పగలూ గాలిని లోపలికి లాగుతుంది. లోపలి తెల్లకాగితం మీద మసి పేరుకుంటుంది. దాన్ని తూచి, ఊరు ఎంత మసి పీలుస్తోందో పేపర్లో వేస్తారు. వేస్తే ఏమైంది అని మాత్రం అడక్కండి.

దాలమ్మకు ఆ లెక్కతో పనిలేదు. మొదటిసారి అది గాలి లాగే చప్పుడు వినగానే ఆమె గుర్తుపట్టింది. అది గవరయ్య ఊపిరి. చీపురు ఆపి వింటూ నిలబడిపోయేది. కాగితాలు మార్చే హల్దార్ బాబు నల్లబడ్డ కాగితాన్ని కవర్లో పెట్టుకుంటుంటే, మొగుణ్ణే మూటకట్టి పట్టుకుపోతున్నట్టు కళ్లనీళ్లు పెట్టుకునేది.

గవరయ్య పోయిన తిథి ఒక ఏడు మిషన్ తిరిగే రోజునే పడింది. పొద్దుగూకే వేళ ఆమె మిషన్ చుట్టూ బియ్యప్పిండి పరిచింది. ఇక్కడికైనా రావయ్యా అని దండం పెట్టి మేడ దిగింది.

తెల్లవారుతూనే మెట్లెక్కింది. పిండిలో అడుగు ఉంది. వెడల్పు పాదం, బొటనవేలి మీదికెక్కిన రెండో వేలు. ఆ క్షణాన దాలమ్మకు గవరయ్య తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు. కూలబడి, బరువు దిగేదాకా ఏడ్చింది. "ఒచ్చీసినావా" అంది.

మిషన్ వెనక ఎవరో దగ్గారు.

వెళ్లి చూస్తే మల్లేశు. మిషన్ అడుగున గాలి బయటికొచ్చే కన్నం దగ్గర మొహం పెట్టి ముడుచుకుని కూర్చున్నాడు. పాదాలకు పిండి. ఆ వేళ్లు వాడికి తండ్రి నుంచి వచ్చినవే.

"ఏటిరా ఇది?"

"ఇక్కడొచ్చేది కడిగిన గాలమ్మా." మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగుతున్నాడు. "మసంతా ఆ కాయితానికే అంటుకుపోతాది. మిసను తిరిగిన రోజల్లా ఒస్తన్నాను. నీకు సెబితే బెంగెట్టుకుంటావని సెప్పలేదు."

"ఎప్పట్నుంచి?"

"కాళీపూజ కాడ్నుంచి. మూణ్ణెల్లయింది."

పోయినవాడి కోసం పరిచిన పిండిలో బతికున్న బిడ్డ అడుగు. యముడి కంటపడకముందే అన్నట్టు దాలమ్మ కొంగుతో ఆ అడుగుల్ని గబగబా తుడిచేసింది. "ఇంక బొగ్గులోకి ఎల్లవు. నాను అడుక్కొచ్చైనా పెడతాను" అంది. మల్లేశు మొహం కన్నం దగ్గరే ఉంచాడు.

అప్పుడే హల్దార్ బాబు వచ్చాడు. పిండి చూసి తల పట్టుకున్నాడు. "పాడుచేశావు కదా మాషీ. ఇదంతా లోపలికి లాగేసి ఉంటుంది. ఈ రోజు లెక్క పనికిరాదు" అని పిన్నీ వరసతోనే బెంగాలీలో విసుక్కుంటూ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

దాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లు మాట్లాడిన బెంగాలీ ఒక్క ముక్క నోటికి రాలేదు.

"లెక్క పోతే పోనీ దాదా. కాయితం తియ్యకు. ఇంకాసేపు తిరగనీ. నా కొడుకు ఊపిరి పీలుస్తన్నాడు."

అతనికి అర్థమైంది దాదా అన్న మాట ఒక్కటే. ఆమె చూపు వెంట పెట్టె వెనక్కి తొంగిచూశాడు. స్విచ్ మీంచి చెయ్యి తీసేశాడు.