స్వామి వెనక తాళం

2023 ఎండాకాలం. దువ్వాడ స్టేషనుకి కాస్త దూరంలో ఉన్న మూడంతస్తుల అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తు మాది. ఆ ఇంట్లోనే ఆరేళ్లుగా చిన్నపిల్లల్ని చూసుకుంటున్నాను. తల్లిదండ్రులు ప్లాంటుకో, పోర్టుకో, కాలేజీకో డ్యూటీలకి పోతూ నాకు అప్పజెప్పి వెళ్తారు. ఆ ఏడు ఎనిమిది మంది. ఆరుగురు నడిచేవాళ్లు, ఇద్దరు చంకపిల్లలు. నాకు తోడు నూకాలమ్మ. ఆమె భర్త ఇప్పటికీ సముద్రం మీద వేటకి వెళ్తాడు.

ఈ పనిలో అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం అందరికీ కనిపిస్తాయి. కనిపించనిది ఎవాక్యుయేషన్ డ్రిల్. అంటే, ప్రమాదం వస్తే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికి ముందే చేసుకునే సాధన. ప్రతి గురువారం చేసేవాళ్లం. ముడులు వేసిన తాడు ఒకటి ఉంటుంది, వాకింగ్ రోప్ అంటాం. ఒక్కో ముడీ ఒక్కో పిల్ల పట్టుకోవాలి. చంకపిల్లల్ని మేమిద్దరం చీరతో ఒంటికి కట్టుకుంటాం. వీధి అవతల ఇస్త్రీ బండి దగ్గర ఆగి తలలు లెక్కపెట్టాలి.

మాకు మెట్లదారులు రెండు. ముందుది పార్కింగులోకి దిగుతుంది. వెనకది సందులోకి. ఆ వెనక గేటు నైరుతిలో ఉందని, తెరిస్తే అందరికీ అరిష్టమని మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు దాన్ని మూయించి, దాని ముందు పాలరాతి గూడు కట్టించి వినాయకుణ్ణి పెట్టారు. ఎదురుగా కొబ్బరికాయ కొట్టడానికి ఒక రాయి.

ఆ గేటు తెరిచే ఉంచమని నేను రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన నవ్వి, "తాళం ఊరికే తగిలించానమ్మా, నొక్కలేదు. అవసరమైతే లాగితే వచ్చేస్తుంది" అన్నారు. నేను నమ్మాను. నమ్మానని ఎందుకంటున్నాను, నోరు మూసుకున్నాను. ఫ్లాటులో పిల్లల్ని పెట్టుకోవడానికి సంతకం చేసింది ఆయనే. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు, పొద్దున్న లేవగానే అందిన మేళ్లు మూడు తలుచుకోమనేవారు. ఆరేళ్లుగా నా మూడింట్లో ఆ సంతకం ఒకటి.

ఆ తాళాన్ని ఒక్కసారి లాగి చూద్దామని కూడా అనుకోలేదు. చూడాలంటే స్వామిని కదపాలి. కదపకూడదని డ్రిల్ అంతా ముందు మెట్ల మీదే చేయించాను. వెనక్కి రోజూ ఒక్కదాన్నే వెళ్లి, దీపం పెట్టి, దండం పెట్టుకుని వచ్చేదాన్ని.

ఒక రోజు పొద్దున్న పదకొండు గంటలకి కింద పార్కింగులో ఎవరిదో బ్యాటరీ స్కూటరు చార్జింగులో ఉండగా అంటుకుంది. తలుపు తీసేసరికి ముందు మెట్లు కనబడలేదు, నల్లటి పొగ. తలుపు మూసి, తడిగుడ్డ తలుపు కింద కుక్కి, చంకపిల్లల్ని ఇద్దరం ఒంటికి కట్టుకుని, మిగతా పిల్లల చేతికి తాడిచ్చాను. ఇవాళ గురువారం కాదు కదా అని నాలుగేళ్ల లాస్య అడిగింది. లాస్యకి ఉబ్బసం. కాదమ్మా, అయినా వెళ్దాం అన్నాను.

వెనక తలుపు తీసుకుని ఆ మెట్లు దిగాం. స్వామిని రెండు చేతులా ఎత్తి మెట్టు మీద పెట్టాను. గూటి మీదుగా చెయ్యి చాచి తాళం లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. నొక్కేసి ఉంది. పైనుంచి పొగ వెనక మెట్లలోకి కూడా దిగుతోంది. లాస్యకి పిల్లికూతలు మొదలయ్యాయి.

నూకాలమ్మ తాళం వంక చూసి, నా వంక చూసింది.

"రోజూ వొచ్చి దండమెడతారు గదమ్మా. ఓపాలి లాగి సూడ్నేదేటి?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. వీపున పిల్లతోనే వంగి కొబ్బరికాయ రాయి ఎత్తింది. నాలుగో దెబ్బకి కొక్కెం ఊడింది. ఇద్దరం గూటిని పక్కకి తోశాం. పాలరాయి పగిలింది. ఇస్త్రీ బండి దగ్గర లెక్కపెట్టాను. ఎనిమిది. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాను. లాస్యకి ఇన్‌హేలర్ పట్టించాక ఊపిరి సర్దుకుంది.

ఫైరింజన్ వచ్చి వెళ్లాక ప్రెసిడెంటు గారు పగిలిన గూడు చూశారు. కుక్కలు లోపలికొచ్చి ప్రసాదం ముట్టుకుంటున్నాయని మొన్ననే తాళం నొక్కేశారట. తాళంచెవి మూడో అంతస్తులో, వాళ్ల పూజగదిలో ఉందట.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మా. కొబ్బరికాయ కొట్టే రాయితో తాళం పగలగొడతారా? ఇప్పుడు సంప్రోక్షణ చేయించాలి."

నూకాలమ్మ అందుకుంది. "పొగలో మూడంతస్తులెక్కి అడగాలేటి బాబూ?"

నా మాట తొణకలేదు. "చేయించండి" అన్నాను. "స్వామిని ఎనిమిది మంది పిల్లలకి అడ్డం కూర్చోబెట్టింది మీరు. లేపింది నేను. మైల ఎవరిదో ఆయనకి తెలుసు. ఆ గేటుకి మళ్లీ తాళం పడితే ఈసారి రాయి పట్టుకునేది నేనే."

సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. తల ఎత్తలేకపోయాను. వాళ్లకి జరిగింది జరిగినట్టు, నేను తాళం లాగి చూడని సంగతితో సహా చెప్పాను. ఇద్దరు తమ పిల్లల్ని మాన్పించేశారు. వాళ్లని తప్పుపట్టను.

ఆ రోజు ఒకటి తెలుసుకున్నాను. దారి ఉందని ఎవరైనా చెబితే అది దారి కాదు, నా చేత్తో తీసి, పిల్లలతో నడిచి చూస్తేనే దారి. మేలు చేసినవాళ్లకి దండం పెట్టచ్చు, అడగాల్సింది మాత్రం దండంలో దాచకూడదు.

ఇప్పుడు స్వామి గేటు పక్కన గోడకి ఆనుకుని ఉన్నారు. పొద్దున్నే ముందు గడియ లాగి, గేటు బార్లా తీసి, సందు కనబడ్డాకే దీపం వెలిగిస్తాను. మేళ్లు మూడూ తలుచుకుంటాను. నూకాలమ్మ చెయ్యి, ఆ రాయి, ఎనిమిది అన్న లెక్క. నా కోపం తగ్గించమని మాత్రం స్వామిని ఇంతవరకు అడగలేదు.