బస్సులో అవ్వ ఎక్కించిన గొంతు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో పక్క సీటు అవ్వ తన ఫోను నా చేతిలో పెట్టింది. "బిడ్డా, దీంట్ల మా ముసలాయన బర్రెను పిలిచిన రికార్డు ఉన్నది. నీ ఫోన్ల ఎక్కించుకో."

"నాకు బర్రె లేదవ్వా. నేను పిలిస్తే పెండ్లామే పలుకదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆయన పోయి ఏడాదయిందట. ఆయన మాటలన్నీ తన ఫోనులోనూ కూతురి ఫోనులోనూ ఉండేవట. రెండింటికీ ఒకే ఖాతా. జాగా చాలక కూతురు తన ఫోనులో తుడిచేస్తే, అవ్వ ఫోనులోనూ మాయమయ్యాయి. మరిది ఫోనులో ఉండబట్టి ఇదొక్కటే మిగిలింది. అప్పటినుంచి ఎక్కిన ప్రతి బస్సులో ఎవరో ఒకరికి ఇస్తోంది.

బ్లూటూత్‌లో పంపుకున్నాను. "నా నంబరు రాసుకో అవ్వా. మళ్ల కావాల్నంటే ఎట్ల?"

"నంబరెందుకు బిడ్డా? నా కాడ పోయినా యాడనో ఒకకాడ ఉంటది," అని ఎల్లారెడ్డిలో దిగిపోయింది.

మొన్న ఫోను నిండిపోతే నా పెండ్లి వీడియో తుడిచేశాను. అవ్వ రికార్డు ముట్టుకోలేదు. ఇంతవరకు వినలేదు కూడా.