ఎడమ చేతికి సెలవు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదించి నోరు మూయించేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ఇలాంటి సంగతులకు అందులో ఎప్పుడూ చోటివ్వలేదు. పోయిన నెల ఇవ్వాల్సి వచ్చింది. రాస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. భయంతో కాదు.

యాదగిరి నా స్నేహితుడు. సైన్యంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాడు. యుద్ధం గురించి అడిగితే, "నేను తుపాకి పేల్చలే సార్. ఒకల గొంతు ఒకలకు ఇనవడేటట్టు చేసిన, గంతే" అనేవాడు. తర్వాత కంచన్‌బాగ్‌లో ఒక ప్రయోగశాలలో ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. అక్కడే ఆఫీసులో నేను సెలవుల ఫైళ్లు చూసేవాణ్ణి. రిటైరయ్యాక అతను కార్వాన్‌లోని తన ఇంటి ముందుగదిలో పాత రేడియోలు బాగుచేస్తుంటే, మలక్‌పేట నుంచి వెళ్లి పక్కన కూర్చుని నేర్చుకునేవాణ్ణి.

కరెంటున్న సెట్టులో ఒక్క చేత్తోనే పనిచెయ్యాలన్నది అతని నియమం. రెండోది ప్యాంటు జేబులో ఉండాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. నేను మరిచినప్పుడల్లా మణికట్టు పట్టి లాగేవాడు.

"సార్, ఆఫీసుల అందరికీ లీవులిచ్చిండ్రు గదా, గీ ఎడమ చేతికి గూడ ఇయ్యుండ్రి!"

వేసవిలో యాదగిరి పోయాడు. చివరగా అతను బాగుచేస్తున్నది తన పెళ్లినాటి వాల్వు రేడియో. పోయిన నెల అతని భార్య బాలమణి నన్ను పిలిపించింది. ముందుగది ఖాళీ చేస్తోంది. పాత సామాను కొనే కబాడీవాడు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఒక్కసారి చూడన్నా. మోగితే ఉంచుకుంట, లేకుంటే ఇచ్చేస్త. ఆయన చెయ్యివెట్టిన సామాను గిట్ల మూగగ కూసుంటే చూడలేను."

పట్టపగలు. వెనక అట్ట విప్పి స్విచ్ వేశాను. బల్బు వెలిగింది, శబ్దం లేదు. కుడి చేత్తో స్క్రూడ్రైవర్ పట్టి ఒక్కో తీగనూ కదిపి చూస్తున్నాను. సెట్టు జరుగుతుంటే ఆపడానికి ఎడమ చెయ్యి దాని ఇనుప చట్రం మీదికి పోయింది.

ఎవరో నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు.

"వదులమ్మా" అన్నాను, బాలమణి అనుకుని. అంతలో స్క్రూడ్రైవర్ జారి నిప్పురవ్వ లేచింది. కుడి వేళ్లు జివ్వుమన్నాయి. రేడియో గరగరమని, ఆ వెంటనే ఉర్దూలో వార్తలు చదవసాగింది!

"మోగింది! అన్నా, మోగింది!"

బాలమణి కేక గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. రెండు చేతుల్లోనూ చాయ్ కప్పులు. కబాడీవాడు ఆమె వెనక ఉన్నాడు. గదిలో నేనొక్కణ్ణే.

"మోగింది సరే గానీ, పని నడుమ చెయ్యి జేబుల వెట్టుకున్నవేందన్నా?"

చూసుకున్నాను. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. నేను పెట్టుకోలేదు.

కదిలిన తీగ అతుక్కుని రేడియో మోగి ఉంటుంది, అంతవరకు చెప్పగలను. షాక్‌కి చెయ్యి ఎగిరిందందామంటే, లాగింది ముందు, రవ్వ లేచింది తర్వాత. పాత అలవాటు అందామా? అలవాటుకు వేళ్లుండవు.

జరిగింది చెప్పాను. బాలమణి కప్పులు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. దగ్గరికొచ్చి, నా మణికట్టు వంకే చూస్తూ, ఒక్కటే అడిగింది.

"అన్నా, ఆయన చెయ్యి వెచ్చగుండెనా?"

"వెచ్చగానే ఉందమ్మా" అన్నాను.

ఆమెను ఓదార్చడానికి అన్న మాట కాదది. నిజంగానే వెచ్చగా ఉంది. అదెలాగో నాకు నేటికీ తెలియదు.