సీసం గుండ్ల సంచి

ఫోన్లో తేరగా వచ్చే ఫోటో నాకు ఆనదు. డబ్బు తగలేసి, నెల్లాళ్లు ఎదురుచూస్తే తప్ప అది కళ అనిపించదు. అందుకే ఫిల్మ్ కెమెరాతో కోడూరు దగ్గర వేట పడవల్ని తీశాను. రీళ్లు కడిగించడానికి ముంబై వెళ్లాలి.

ఎయిర్‌పోర్టు స్కానర్ ఫిల్మును పాడుచేస్తుందని, సీసం అడ్డుంటే ఫరవాలేదని అక్కడి పడవాయనతో అన్నాను. వరస లేకపోయినా నన్ను బావగారూ అనే మనిషి. "సీసానికేం కరువండీ" అంటూ పాత వలకు బరువు కోసం కట్టిన సీసం గుండ్లు విప్పి, రీళ్లు పెట్టుకోను ఒక గుడ్డసంచీ నిండా కుట్టిచ్చాడు. వలకు కట్టే అలవాటు కదా, ఎడంఎడంగా కుట్టాడు. శాస్త్రవేత్తలకు తట్టనిది మాకు తట్టిందని ఇద్దరం మురిసిపోయాం.

స్కానర్ తెరమీద గుండ్లు తూటాల్లా కనిపించాయి కాబోలు, సంచీని మళ్లీమళ్లీ స్కానర్‌లోంచి పోనిచ్చారు. చివరికి విప్పి చూసిన అధికారి, "ఫిల్మా? ముందే చెప్తే చేత్తో చూసి పంపేవాళ్లం కదండీ" అన్నాడు, మహా మర్యాదగా.

ఫోటోలు వచ్చాయి. పడవలన్నీ తెల్లగా మసకేసిపోయాయి, అక్కడక్కడ గుండ్రటి మచ్చల్లో తప్ప. పడవాయన వాటిని శ్రద్ధగా చూశాడు.

"సీసం పనిచేసిందండీ బావగారూ. గుండున్న చోటల్లా ఫోటో బ్రహ్మాండంగా ఉంది. ఈసారి కాస్త దగ్గరగా కుడతాను."